పేరు రాయని పైకప్పు

మా బడిలో ఫ్యాన్‌కు మూడు రెక్కలుంటే మూడింటి మీదా దాత పేరుంటుంది. తిరిగేటప్పుడు ఆ పేరు కనబడదు కాబట్టి, కరెంటు పోయినప్పుడే మా పిల్లలకు దాతలు గుర్తొస్తారు. గడియారం మీద పేరుంటుంది. బెంచీ వీపు మీద పేరుంటుంది. నీళ్ల డ్రమ్ము మీద, దాని మూత మీద, దానికి గొలుసుతో కట్టిన గ్లాసు మీద కూడా పేరుంటుంది. ఆరో తరగతికి వచ్చి కూడా కూడబలుక్కుని చదివే పిల్లలను నేను ఆ డ్రమ్ము దగ్గరికే పంపుతాను, చదివి రమ్మని. అనంతపురం మున్సిపల్ బళ్లలో పదహారేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఇన్నేళ్లలో ఏ హెడ్మాస్టరుకూ నా పరాచికాలు నచ్చలేదు.

ఇవ్వడం తప్పని నేననను. పుస్తకాలు, బూట్లు, మధ్యాహ్నం అన్నం ప్రభుత్వం ఇస్తుంది. కానీ పాఠంలో చదివింది ఒకసారి చేసి చూద్దామని పిల్లలకు బుద్ధి పుడితే, నాలుగడుగుల గొట్టం కావాలన్నా ఎవరి ముందో చేయి చాపాలి. ఆ చాపే పద్ధతిలోనే నాకు పేచీ. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో మొదటి తప్పు నాదే కాబట్టి, నన్ను నేను ముందే తిట్టుకుని మొదలుపెడుతున్నాను.

మా ఏడో తరగతిది రేకుల గది. మిద్దె గదులు చాలక, ఆవరణ చివర ఎప్పుడో సిమెంటు రేకులు వేసి కట్టారు. ఫిబ్రవరి సగం దాటేసరికి పదకొండు గంటలకే ఆ గదిలో పిల్లల ముఖాలు ఎర్రబడతాయి. ఉన్నది ఒకటే పాత ఫ్యాన్. దాని కింద కూర్చునే వంతు కోసం రోజూ కొట్లాట.

ఆ రోజు వేడి ఎలా ప్రయాణిస్తుందో చెబుతున్నాను. వేడెక్కిన గాలి పైకి పోతుంది, చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది, ఇదీ పాఠం. రెండో వరసలో కూర్చునే ఒక పిల్ల లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ప్రశ్న అడిగేటప్పుడు నా వైపు కాకుండా తను అడుగుతున్న వస్తువు వైపు చూస్తుంది. ఆ పూట పైకప్పు వైపు చూసింది.

"మేడం, ఉడుకు గాలి పైకి పోతాదని ఉండాది గదా. మన గదిలో పైన రేకు ఉండాది. మరి ఆ గాలి యాడికి పోతాది?"

నేను జవాబు చెప్పేలోపు ఆ పిల్లే మళ్లీ అంది. "యాడికీ పోదు మేడం. ఆడనే ఉంటాది. మనం ఫ్యాన్ ఏసి దాన్ని కిందికి పిలుచుకుంటాండాం."

గది మొత్తం నవ్వింది. నేను నవ్వలేదు. పదహారేళ్లుగా ఆ పాఠం చెబుతూ, ఇలాంటి రేకుల కిందే చెమటలు కక్కుతూ, ఆ ప్రశ్న నాకు తోచనే లేదు.

మరుసటి రోజు నుంచి కొలవడం మొదలుపెట్టాం. ల్యాబులో మిగిలిన ఒకే ఒక్క థర్మామీటరును బూజుకర్ర చివర దారంతో కట్టాం. ఆ పిల్ల బెంచీ ఎక్కి కర్రను రేకు దాకా ఎత్తి, ఐదు నిమిషాలు అలాగే పట్టుకుని, దించి, గబగబా చదివేది. తర్వాత బెంచీ ఎత్తులో ఒకసారి, నేల మీద ఒకసారి. ఫ్యాన్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి. నల్లబల్ల మూలలో రోజూ రాసేవాళ్లం. ఆ పిల్ల అన్నదే నిజమని తేలింది. ఫ్యాన్ వేస్తే చెమట ఆరేది కానీ, కూర్చున్న చోట పాదరసం పైకి పాకేది. ముందు పైకప్పు సంగతి చూడాలి, ఫ్యాన్ల సంగతి తర్వాత. రేకు మీద సున్నం పూయాలి, రేకు కింద ఏదైనా అడ్డం కట్టాలి. ఏది కడితే ఎంత తగ్గుతుందో కొలవాలి. ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు ఇదంతా చేసి చూపించాలని ఏడో తరగతి తీర్మానం.

దానికి సామాను కావాలి. అప్పుడు నేను చేసిన పని ఇది. మా బడిలో చదువుకుని పైకొచ్చిన వాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో ఒక విన్నపం రాశాను. గదిని గురించి, కొలతల గురించి రెండు వాక్యాలే రాశాను. మిగిలిందంతా ఆ పిల్ల గురించి. తండ్రి లేని చిన్నారి అని రాశాను. గోతాల మండీలో చినిగిన సంచులు కుట్టే తల్లి కూలి మీద, ఒక పూట తిని ఒక పూట పస్తుండి చదువుకుంటోందని రాశాను. ఆ పస్తు సంగతి నేను కల్పించిందే. ఆ పిల్ల మధ్యాహ్నం బడిలో తింటుంది, రాత్రి ఇంట్లో సంగటి తింటుంది. కానీ రాస్తుంటే నా కళ్లలోనే నీళ్లు తిరిగాయి. ఎంత బాగా రాశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. బెంచీ మీద నిలబడి కర్ర ఎత్తి పట్టుకున్న ఆ పిల్ల ఫోటో కూడా పెట్టాను. ఆ తల్లినీ అడగలేదు, పిల్లనూ అడగలేదు.

ఆ మెసేజి చేతులు మారి మారి బజారులో నూనెల అంగడి ఉన్న ఒక షావుకారు దగ్గరికి చేరింది. ఆయన చెడ్డవాడని నేను అనను. కరోనా రోజుల్లో మా వీధికి కూడా బియ్యం పంపాడు. కాకపోతే, పంపిన ప్రతి సంచి మీదా ఆయన బొమ్మ ఉంది. హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసి నాలుగు ఫ్యాన్లు ఇస్తానన్నాడు. నేను ఫోన్ అందుకుని, ఫ్యాన్లు వద్దు సార్, సున్నమూ గోతాలూ ఇప్పించండి, పిల్లలు పైకప్పు బాగు చేసుకుంటారు అన్నాను.

"పైకప్పు మీద పేరు రాస్తే ఎవురు చూస్తారమ్మా, కాకులా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

శుక్రవారం ఫ్యాన్లు బిగించారు. శనివారం సభ. ఆ పొద్దున బడికి వచ్చేసరికి గేటుకు అడ్డంగా ఫ్లెక్సీ కట్టి ఉంది. ఒక పక్క నమస్కారం పెడుతూ షావుకారు నిలువెత్తు బొమ్మ. రెండో పక్క మా పిల్ల. నేను తీసిన ఫోటోనే. కానీ ఫ్లెక్సీ కొట్టిన వాళ్లకు ఆ బూజుకర్ర అడ్డమనిపించిందేమో, కత్తిరించేశారు. బెంచీ పోయింది, కర్ర పోయింది, థర్మామీటరు పోయింది. పైకెత్తిన చెయ్యి మాత్రం మిగిలింది. కర్ర లేని ఆ చెయ్యి షావుకారు వైపు చాపినట్టుంది. కింద పెద్ద అక్షరాలతో "చిన్నారికి చల్లని నీడ" అని రాసి ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అప్పుడు నోరు మూసుకున్నాను. షామియానా వేసి ఉంది, మైకు పెట్టి ఉంది, పిల్లలు వరసల్లో కూర్చుని ఉన్నారు. సభ అయ్యాక చూసుకుందాం అనుకున్నాను. ఎక్కడ అరవాలో అక్కడ అరవకపోవడం నా రెండో తప్పు.

ఆ పిల్ల తల్లిని మండీ నుంచి పిలిపించారు. జుట్టులో గోనె నూగు అలాగే ఉంది, పమిటతో మొహం తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. ఆమెను, పిల్లను వేదిక మీదికి పిలిచారు. షావుకారు ఫోన్ తీసి, నా విన్నపాన్ని మొదటి నుంచి చివరిదాకా మైకులో చదివాడు. తండ్రి లేని చిన్నారి. ఒక పూట పస్తు. నా మాటలు నాకే మైకులో వినబడుతుంటే, చెవులు మూసుకోవాలనిపించింది. పిల్లలందరూ రెండో వరసలో కూర్చునే తమ స్నేహితురాలిని కొత్తగా చూస్తున్నారు. ఫోటోగ్రాఫరు, "పాపా, సారుకు నమస్కారం పెట్టు, చెయ్యి ఇంకొంచెం పైకి" అన్నాడు.

తల్లి పిల్ల రెక్క పట్టుకుని మెట్లు దిగి, వరసల మధ్యలో నడుచుకుంటూ, ఆ ఫ్లెక్సీ కింది నుంచే బయటికి వెళ్లిపోయింది. సిగ్గుపడిందిలే పాపం, అని మైకులో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళ, బుధ కూడా రాలేదు. నల్లబల్ల మూలలో కొలతలు శనివారం దగ్గర ఆగిపోయాయి. ఇంకెవరైనా కొలవండి అంటే, "అది ఆయమ్మి పని మేడం" అన్నారు పిల్లలు. వెతికితే థర్మామీటరు కూడా కనబడలేదు. గురువారం బడి వదలగానే షేర్ ఆటో ఎక్కి బుక్కరాయసముద్రంలో వాళ్ల ఇంటికి వెళ్లాను.

చెరువు వైపు పోయే వీధిలో రేకుల ఇల్లు. గడప ముందు గోతాల కుప్ప. తల్లి కాళ్లు చాపుకుని, ఒళ్లో గోతం వేసుకుని, దబ్బనంతో కుడుతోంది. నన్ను చూసి లేవలేదు. అంతకుముందు ఎప్పుడు కలిసినా నన్ను మీరు అనేది. ఆ రోజు అనలేదు.

"ఏమి మేడం, ఇంకా ఏమన్నా రాసుకునేకి వచ్చినావా?"

"తప్పు చేసినా అక్కా," అన్నాను. నాది రాప్తాడు పక్క పల్లె. క్లాసులో పుస్తకం భాష మాట్లాడతాను గానీ, భయం వేస్తే నా భాష నాకొస్తుంది. "నిన్ను అడగల్ల, అడగలేదు."

"నా మొగుడు సచ్చిపోయినాడు. నిజమే. అది చెప్పేదుంటే నేను చెప్పల్ల. నువ్వెవరు మైకులో చెప్పేకి? మండీలో అందురూ ఫోన్లు చూసుకుంటాండారు. ఏమ్మే, పిల్లకి సంగటి కూడా పెట్టవంట గదా అని అడిగినారు. నేను పొద్దున ఐదింటికి లేసి సంగటి కెలికి పెట్టి పోతా. ఒక్క పొద్దు కూడా పిల్లని పస్తు పెట్టలేదు."

ఆమె దారాన్ని పంటితో కొరికి, దబ్బనాన్ని గోతానికి గుచ్చింది.

"వచ్చే సోమారం దీన్ని బస్సు ఎక్కిస్తా. మడకశిర కాడ మా అమ్మోళ్ల ఊరు. గొర్లు ఉండాయి. గొర్ల ఎంట పోతాది. ఆడ ఎవురూ దీని బొమ్మ ఏసి అడుక్కోరు."

అప్పుడు చూశాను, తలుపు రెక్క మీద సుద్దతో రాసిన అంకెలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. రేకు దగ్గర, నేల దగ్గర. ఆదివారం నుంచి గురువారం దాకా. ఆ పిల్ల లోపలి నుంచి థర్మామీటరు తెచ్చి నా చేతికివ్వబోయింది. "ఇది బడిది మేడం. ఎత్తుకొచ్చినా అనుకుంటారేమో అని," అంది. బస్సెక్కితే ఈ పిల్ల మళ్లీ ఈ తలుపు మీద రాయదు. ఏ తలుపు మీదా రాయదు.

"నీ దగ్గరే పెట్టుకో," అన్నాను.

ఆ అంకెలు చదువుతుంటే ఒకటి గమనించాను. వాళ్ల ఇంట్లో రేకు కింద కొలత మా గదిలో కంటే తక్కువగా ఉంది. రేకు అదే, ఎండ అదే. తల ఎత్తి చూశాను. రేకు కింద గోతాలు. ఒకదానికొకటి అంచులు కలిపి కుట్టి, గోడ నుంచి గోడకు లాగి కట్టి, సున్నం పూసి ఉన్నాయి. సున్నం ఎండి గోతం అట్టలా బిగిసి ఉంది.

"ఇది ఎవరు కట్టినారు?"

"ఎవురు కడతారు, నేనే," అంది తల్లి. "మండీ షెడ్డుకీ నేనే కట్టినా. ఎండకి పనోళ్లు పడిపోతాంటే ఇంగేం చేస్తాం. మీరు ఫ్యాన్లు, ఫ్యాన్లు అని ఊరంతా అడిగితిరి. గోతాలు కుట్టేదాని బిడ్డ మీ బడిలోనే ఉండాదని రాస్తిరి. గోతాలు కుట్టేదాన్ని మాత్రం అడగలేదు."

నేను ఫ్యాన్లు అడగలేదని చెప్పబోయి మానుకున్నాను. ఆమె చెబుతున్నది అది కాదు. లేనివాళ్ల పేరు చెప్పి ఉన్నవాళ్లను అడగడం ఒక్కటే నాకు తెలుసు. వాళ్ల దగ్గర కూడా ఇచ్చేది ఉంటుందని నాకు తట్టలేదు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "కుట్టి ఇస్తావా అక్కా?" అని అడిగాను.

ఆమె గోతంలోంచి దబ్బనం లాగింది. "దినామూ మండీకి పోయేది ఆ దావలోనే. ఆటోలో తల వంచుకుని పోతాండా. ముందు ఆ బొమ్మ దించు. దించినాక మాట్లాడుదువు."

శుక్రవారం పొద్దున ప్రార్థన కాకముందే వంటావిడ దగ్గర కూరగాయలు కోసే కత్తి తీసుకుని, బెంచీ ఎక్కి, ఫ్లెక్సీ తాళ్లు నాలుగూ కోశాను. హెడ్మాస్టరు గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన రెండేళ్లలో రిటైరవుతారు, ఆ రెండేళ్లూ ఎవరితోనూ గొడవ లేకుండా గడవాలన్నదే ఆయన కోరిక.

"షావుకారు మనసు కష్టపెట్టుకుంటాడు మేడం. ఫ్యాన్లు పీక్కొని పోతాడు."

"పోనీండి సార్."

"రేపు ఇంకెవరన్నా మన బడికి ఇస్తారా?"

"ఆ పిల్ల సోమవారం గొర్ల వెంట పోతుంది సార్. ఫ్యాన్ కింద కూర్చోబెట్టడానికి పిల్లలు ఉండాలి కదా ముందు."

ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు బాగానే గడిచింది.

మధ్యాహ్నానికి షావుకారే వచ్చాడు. స్టాఫ్ రూములో కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమమ్మా, నేనేం తప్పు చేసినా? నాలుగు ఫ్యాన్లు ఇస్తి. సొంత దుడ్లు. ఒక్క బొమ్మ కట్టుకుంటే ఓర్సుకోలేకపోతిరే."

"మీ బొమ్మ మీరు కట్టుకోండి సార్. మీ పక్కన మా పిల్లను అడుక్కునేదాని మాదిరి నిలబెట్టొద్దు. ఆ చేతిలో కర్ర ఉంది. కర్ర చివర థర్మామీటరు ఉంది. ఆ పిల్ల మీ వైపు చెయ్యి చాపలేదు, గది వేడి కొలుస్తోంది."

"బీద పిల్లోల్లని మీరే గదమ్మా రాసింది?"

ఆ మాటకు నేను తల దించుకోవలసిందే. దించుకున్నాను. "రాసినా సార్. తప్పుగా రాసినా. నా తప్పు నేను దిద్దుకుంటాండా. మీది మీరు దిద్దుకోండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. శనివారం పొద్దున ఇద్దరు మనుషులు నిచ్చెన తెచ్చి నాలుగు ఫ్యాన్లూ విప్పుకుని పోయారు. విప్పే ముందు రెక్కలను గుడ్డతో తుడిచారు, పేరు మీద గీతలు పడకుండా. ఫ్లెక్సీని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ పూట ఒక తండ్రి, ఆటో నడిపే మనిషి, గేటు దగ్గర నన్ను ఆపాడు. "మేడం, మీ రోషానికి మా పిల్లోల్లు ఉడుకుతాండారు," అన్నాడు. నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పిల్లలు ఆ రోజు అట్టలతో విసురుకుంటూ కూర్చున్నారు, నాకు పాఠం నడవలేదు. ఇంటికెళ్లాక కూడా, ఒక పిల్ల కోసం ముప్పై మందిని ఎండబెట్టానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అయినా ఆ ఫ్లెక్సీ మళ్లీ కడతావా అంటే, కట్టను. ఇప్పుడైనా కట్టను.

శుక్రవారం మధ్యాహ్నమే పిల్లలు ఒక ఉత్తరం రాశారు. ఈసారి నేను కలం పట్టలేదు. ఇంటింటికీ ఒక కాపీ, ఆ పిల్ల ఇంటికీ ఒకటి. "మా గదికి పైకప్పు కింద ఇంకో కప్పు కడుతున్నాము. ఆదివారం పని. మీకు ఏ పని వచ్చునో ఆ పని ఇవ్వండి. మీ దగ్గర ఏ వస్తువు ఉందో ఆ వస్తువు ఇవ్వండి. పెళ్లిలో చదివించినట్టు మైకులో చదివిస్తాము. అందరిదీ చదివిస్తాము." అంతే ఉంది అందులో. ఎవరి కష్టమూ లేదు.

ఆదివారం ఎనిమిది గంటలకు బడి గేటు తీసి కూర్చున్నాను. తొమ్మిది దాకా ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు గారు అన్నదే నిజమైందనుకున్నాను. తొమ్మిది దాటాక మండీ వైపు నుంచి ఒక రిక్షా బండి వచ్చింది. దాని మీద గోతాల కట్ట. వెనక ఐదుగురు ఆడవాళ్లు, ముందు ఆమె. గేటు దగ్గర ఆగి, ఫ్లెక్సీ ఉన్న చోటు వైపు తల ఎత్తి చూసింది. ఖాళీగా ఉంది. అప్పుడు లోపలికి వచ్చింది.

"చినిగినవే తెచ్చినాం," అంది. "కుట్టితే కొత్తవాటికంటే గట్టి."

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. సున్నం వేసే ఆయన బకెట్టు, కుంచె తెచ్చాడు. షామియానాలు వేసే ఆయన వెదురు బొంగులు తెచ్చి, తిరిగి ఇవ్వక్కర్లేదన్నాడు. నన్ను గేటు దగ్గర నిలదీసిన ఆటో ఆయన తాళ్లు తెచ్చాడు, నా వైపు చూడకుండా నేరుగా నిచ్చెన ఎక్కాడు. ఏమీ లేని ఒక ముసలామె వచ్చి, పని చేసే వాళ్లందరికీ కుండలో నీళ్లు మోసింది. ఆడవాళ్లు చాప పరిచి వరసగా కూర్చున్నారు. ఆరు దబ్బనాలు ఒకేసారి లేచి దిగుతుంటే మా పిల్లలు చుట్టూ చేరి చూశారు. తల్లి వాళ్లకు కుట్టు నేర్పింది. నేనూ కూర్చున్నాను. నా కుట్టు చూసి, "మేడం, నువ్వు పాఠం చెప్పుకో పో," అని నా చేతిలోంచి గోతం లాక్కుంది. అందరూ నవ్వారు.

ఆ పిల్ల మాత్రం ఆ గుంపులో లేదు. గేటు బయట నిలబడి ఉంది. లోపలికి రమ్మని నేను పిలవలేదు, పిలిచే హక్కు నాకుందనిపించలేదు. పన్నెండు గంటలకు సగం గదికి గోతాలు కట్టడం అయ్యింది. సగం గదికి ఉత్త రేకు. అప్పుడు వచ్చింది, చేతిలో థర్మామీటరుతో. బూజుకర్ర మూలలోనే ఉంది. దారం కట్టుకుని బెంచీ ఎక్కి, ఉత్త రేకు దిక్కున ఒకసారి, గోతాల దిక్కున ఒకసారి ఎత్తి పట్టుకుంది. దించి చదివి, మళ్లీ ఎత్తి, మళ్లీ చదివింది.

"నాలుగు గీతలు తగ్గింది," అంది. తల్లి వైపు చూసి, "మా, నాలుగు గీతలు," అంది.

తల్లి తల ఎత్తకుండా, "సున్నం ఏస్తే ఇంగా తగ్గుతాది," అంది.

ఫ్లెక్సీ అటక మీద ఉందని ఎవరో గుర్తుచేశారు. దాని వెనక వైపు తెల్లగా ఉంటుంది, రేకు పైన పరిస్తే ఎండను తిప్పికొడుతుందా అని ఆ పిల్లే అడిగింది. పరిచి చూద్దాం, కొలుద్దాం అన్నాను. కత్తెర తెచ్చుకుని ముందు తన బొమ్మను చుట్టూ కత్తిరించి తీసేసింది. ముక్కలు చేయలేదు, మడిచి సంచిలో పెట్టుకుంది. మిగిలినదాన్ని తెలుపు పైకి, బొమ్మ కిందికి పెట్టి రేకు మీద పరిచి తాళ్లతో బిగించారు. షావుకారు అప్పట్నుంచి మా రేకుకు నమస్కారం పెడుతూనే ఉన్నాడు.

సోమవారం మడకశిర బస్సు ఆ పిల్ల లేకుండానే వెళ్లింది. హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గరికి వచ్చాను. "ప్రెజెంట్ మేడం" అంది, ఎప్పటిలాగే పైకప్పు వైపు చూస్తూ.

ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు రోజు చదివింపులు పెట్టాం. పెళ్లిళ్లలో ఎవరేం కట్నం ఇచ్చారో మైకులో చదువుతారు కదా, అదే వరస. అక్కడ పెద్ద కట్నాలు ముందు చదువుతారు. మేం వచ్చిన వరసలో చదివాం. చదివింది ఆ పిల్లే. పేర్లన్నీ ఆ రోజు మైకులో వీధి చివరిదాకా వినబడ్డాయి, ఇక్కడ నేను రాయను. గోతాల మండీ ఆడవాళ్లు చదివించిన గోతాలు, కుట్టు. ముసలమ్మ చదివించిన నీళ్లు. ఆటో అన్న చదివించిన తాళ్లు, ఒక పూట పని. వరసలో నూనెల అంగడి కూడా వచ్చింది. వదిలేయనా అని ముందే నన్ను అడిగింది. అందరిదీ అని రాశాం కదా అన్నాను. "షావుకారు గారు చదివించిన నాలుగు ఫ్యాన్లు, ఎనిమిది దినాలు," అని అదే గొంతుతో చదివి తర్వాతి పేరుకు వెళ్లిపోయింది. జనం నవ్వుతుంటే హెడ్మాస్టరు గారు నుదురు పట్టుకున్నారు.

ఆ తర్వాత గదికి కొత్త దాత ఎవరని పై ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. దాత పేరు అన్న చోట ఒకే గీత ఉంది. నేను దాని కింద, పక్కన, వెనక వైపు కూడా అందరి పేర్లూ రాసి పంపాను. తిరిగొచ్చింది. మళ్లీ అలాగే రాసి పంపాను.

చదివింపుల రోజు ఒక ఫోటో తీశాను. తీయనా అని తల్లిని అడిగాను. "దాన్నే అడుగు," అంది. పిల్లను అడిగాను. బూజుకర్ర తెచ్చుకుని, బెంచీ ఎక్కి, ఫ్లెక్సీలో ఉన్న అదే చెయ్యిని అలాగే పైకెత్తి నిలబడింది. తల పైన వాళ్లమ్మ కుట్టిన గోతాలు, సున్నంతో తెల్లగా. నేను ఫోన్ ఎత్తాను.

"మేడం," అంది, ఈసారి నేరుగా నన్నే చూస్తూ. "ఇంగ రెండడుగులు ఎనక్కి పోండి. కర్ర కొన దాకా పడల్ల."

నేను వెనక్కి జరిగాను.